వేరే సెగ్మెంట్‌లో ఉన్న ఐలో, ఐడ్రాక్ తెరుచుకోకపోతే: ఏ దారిలో వెళ్లాలి?

సర్వర్ పక్కన నిలబడి, అదే స్విచ్‌కి ల్యాప్‌టాప్ కలిపితే ఐడ్రాక్ (డెల్ సర్వర్‌ని దూరం నుంచి నడిపే మేనేజ్‌మెంట్ పేజీ, హెచ్‌పీఈలో దీని పేరు ఐలో) లాగిన్ పేజీ టక్కున వస్తుంది. వేరే సెగ్మెంట్‌లో, అంటే నెట్‌వర్క్‌లోని ఇంకో భాగంలో ఉన్న మన సీటు దగ్గరికి తిరిగొచ్చి అదే అడ్రస్ కొడితే బ్రౌజర్ గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. సర్వర్లు చూసుకునే పనిలో ఉన్నవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఇది తప్పదు. అప్పుడు చాలామంది ఉన్న దారిని వదిలేసి కొత్త దారి వేయడం మొదలుపెడతారు. వీపీఎన్ పెడదాం అంటారొకరు, జంప్ హోస్ట్ (ముందు దాంట్లోకి వెళ్లి, అక్కడి నుంచి సర్వర్లని చేరే మధ్య మెషీన్) పెడదాం అంటారొకరు, ఫైర్‌వాల్‌లో అన్నీ తెరిచి చూద్దాం అంటారు ఇంకొకరు.

నేను ఒకసారి రాత్రంతా కూర్చుని కొత్త వీపీఎన్ కట్టాను. తెల్లవారాక తేలింది ఏమిటంటే, ఆ సర్వర్ బీఎంసీలో (ఐడ్రాక్ లోపల ఉండే చిన్న కంప్యూటర్) డిఫాల్ట్ గేట్‌వే, అంటే వేరే నెట్‌వర్క్‌లకి జవాబు పంపే దారి, 0.0.0.0 అని ఉంది. గోటితో పోయేదానికి గొడ్డలి తీసుకెళ్లాను. అందుకే దారుల పోలిక మొదలుపెట్టే ముందు, తెగింది ఎక్కడో కనిపెట్టడం గురించి కాస్త వివరంగా చెబుతాను. అది తెలియకుండా ఏ దారి ఎంచుకున్నా అదే సమస్య కొత్త వేషంలో మళ్లీ వస్తుంది.

ముందు తెగిన చోటు వెతకండి

ఐలో అన్నా, ఐడ్రాక్ అన్నా, సూపర్‌మైక్రోలో ఐపీఎంఐ అన్నా లోపల ఉన్నది ఒకటే: బీఎంసీ అనే చిన్న కంప్యూటర్. దానికి సొంత ఆపరేటింగ్ సిస్టమ్, సొంత మ్యాక్ అడ్రస్, సొంత ఐపీ, సొంత గేట్‌వే ఉంటాయి. సర్వర్ ఆపేసినా స్టాండ్‌బై కరెంటు మీద అది నడుస్తూనే ఉంటుంది. సర్వర్‌లో ఉన్న లినక్స్‌కి నెట్‌వర్క్ బాగా పనిచేస్తోంది కాబట్టి బీఎంసీకీ పనిచేయాలని అనుకోవడానికి లేదు. రెండింటి సెట్టింగులూ వేరు.

ఒకే సబ్‌నెట్ (ఒకే ఐపీ అడ్రస్‌ల గుంపు) నుంచి తెరుచుకుని వేరే సబ్‌నెట్ నుంచి తెరుచుకోకపోతే మొదట అనుమానించాల్సింది బీఎంసీ గేట్‌వేనే, ఆ తర్వాత సబ్‌నెట్ మాస్క్. మన ప్యాకెట్ అక్కడిదాకా వెళ్తుంది, జవాబు ఎటు పంపాలో బీఎంసీకి తెలియదు. సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి వెళ్లగలిగితే ఐపీఎంఐటూల్‌తో (బీఎంసీకి కమాండ్లు పంపే ప్రోగ్రామ్) 'ల్యాన్ ప్రింట్ 1' కమాండ్ ఇచ్చి చూడండి. ఐపీ, మాస్క్, గేట్‌వే, వీల్యాన్ (ఒకే స్విచ్‌లో విడగొట్టిన నెట్‌వర్క్) నంబర్ అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. గేట్‌వేని అక్కడి నుంచే మార్చవచ్చు. సర్వర్‌ని రీబూట్ చేయాల్సిన పనే లేదు.

రెండో అనుమానం, బీఎంసీ అసలు ఏ పోర్టులో ఉంది అన్నది. చాలా సర్వర్లలో దానికి ప్రత్యేక పోర్టు ఉంటుంది. కానీ సర్వర్ మామూలు నెట్‌వర్క్ పోర్టునే పంచుకునేలా కూడా పెట్టవచ్చు. సూపర్‌మైక్రో బోర్డుల్లో 'ఫెయిలోవర్' అనే మోడ్ ఉంది. బీఎంసీ మొదలయ్యేటప్పుడు ప్రత్యేక పోర్టులో లింక్ కనిపిస్తే దాన్ని వాడుతుంది, లేకపోతే మొదటి మామూలు పోర్టుకి మారిపోతుంది. కరెంటు పోయి వచ్చిన రోజున ఇది పెద్ద చిక్కు తెస్తుంది. సర్వర్, స్విచ్ ఒకేసారి లేస్తాయి. స్విచ్ పూర్తిగా లేవడానికి నిమిషాలు పడుతుంది, బీఎంసీ అంతకంటే ముందే లేచి, లింక్ లేదనుకుని ఆ మామూలు పోర్టుకి వెళ్లిపోతుంది. నిన్నటిదాకా పనిచేసినది ఇవాళ ఎందుకు పనిచేయడం లేదో ఎవరికీ అర్థం కాదు. ప్రత్యేక పోర్టుకి కేబుల్ ఉన్న ప్రతి సర్వర్‌లో మోడ్‌ని 'డెడికేటెడ్' అని ఖాయం చేసేయండి. ఇది నా గట్టి సలహా.

పోర్టుని పంచుకునే పద్ధతిలో ఇంకో రెండు ఇబ్బందులున్నాయి. ఆ పోర్టు ఎల్ఏసీపీ బాండ్‌లో (రెండు మూడు కేబుళ్లని ఒకే లింక్‌గా కలిపే పద్ధతి) భాగమైతే, స్విచ్ బీఎంసీకి వెళ్లాల్సిన ప్యాకెట్లను రెండో లింక్ మీదకి పంపేయవచ్చు. అక్కడ బీఎంసీ ఉండదు. ఒక పీసీ నుంచి తెరుచుకుంటుంది, పక్క పీసీ నుంచి తెరుచుకోదు అనే వింత ఇలాగే పుడుతుంది. పైగా, చాలా సర్వర్లలో ఆ పోర్టు ద్వారా సర్వర్ తన సొంత బీఎంసీని చేరలేదు. కాబట్టి ఆ సర్వర్ నుంచే పింగ్ చేసి 'చచ్చిపోయింది' అని తేల్చేయకండి.

పాత బీఎంసీ పోర్టులు కొన్ని 10, 100 ఎంబీపీఎస్ వేగాల దగ్గరే ఆగిపోతాయి. 1 గిగాబిట్ కంటే కిందికి దిగని స్విచ్ పోర్టులో పెడితే లింక్ లైటే వెలగదు. ఇది చూడటానికి మాత్రం ర్యాక్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ఇక మధ్యలో ఉన్న దారి సంగతి. పింగ్ మీద మరీ ఆధారపడకండి. పింగ్ వెళ్లినా 443 పోర్టు (ఇది కేబుల్ పెట్టే పోర్టు కాదు, హెచ్‌టీటీపీఎస్ పేజీలు నడిచే నంబర్) మూసి ఉండవచ్చు, పింగ్ ఆపేసినా 443 తెరిచి ఉండవచ్చు. పోర్టునే పరీక్షించండి. 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అని వెంటనే వస్తే ప్యాకెట్ ఎవరో ఒకరిని చేరింది, వాళ్లు కాదన్నారు, ఆ జవాబు మన దాకా తిరిగి వచ్చింది అని అర్థం. అంటే రౌటింగ్ చాలావరకు బాగానే ఉంది, సర్వీసు ఆగిందో ఫైర్‌వాల్ తిప్పి పంపిందో చూడాలి. 'టైమ్‌డ్ అవుట్' అని వస్తే ప్యాకెట్‌ని ఎవరో నిశ్శబ్దంగా పడేశారు, లేదా జవాబుకి తిరుగుదారి లేదు. బీఎంసీ సెగ్మెంట్ గేట్‌వే మీద టీసీపీడంప్ (వచ్చే పోయే ప్యాకెట్లని చూపే ప్రోగ్రామ్) పెడితే తేడా తెలిసిపోతుంది. కనెక్షన్ అడిగే సిన్ ప్యాకెట్ వెళ్లడం కనబడి, దానికి జవాబైన సిన్-యాక్ తిరిగి రాకపోతే తప్పు బీఎంసీ వైపు ఉంది. సిన్ అసలు కనబడకపోతే మన వైపో, మధ్య ఫైర్‌వాల్‌లోనో ఉంది. ఐదు నిమిషాల పని ఇది. గంటల తరబడి జరిగే వాదనలు ఆగిపోతాయి.

లాగిన్ పేజీ వచ్చి, కన్సోల్ మాత్రం నల్లగా ఉండిపోతే అది వేరే జబ్బు. కన్సోల్, వర్చువల్ మీడియా చాలా మోడళ్లలో 443 మీద కాకుండా వేరే పోర్టుల మీద నడుస్తాయి. ఐలోలో రిమోట్ కన్సోల్‌కి 17990, వర్చువల్ మీడియాకి 17988. ఐడ్రాక్‌లో చాలా తరాలుగా 5900. ఏఎంఐ మెగార్యాక్ ఫర్మ్‌వేర్ ఉన్న పాత బోర్డుల్లో కన్సోల్‌కి 7578, సీడీకి 5120. ఐపీఎంఐ కమాండ్లకి 623, అదీ వెబ్ పేజీలు వాడే టీసీపీ కాదు, యూడీపీ. కొత్త ఫర్మ్‌వేర్‌లలో హెచ్‌టీఎంఎల్5 కన్సోల్ చాలావరకు 443 మీదే నడుస్తుంది కాబట్టి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేస్తే ఈ తలనొప్పి సగం పోతుంది.

కొన్నిసార్లు అసలు నెట్‌వర్క్ తప్పే ఉండదు. పాత బీఎంసీ టీఎల్‌ఎస్ 1.0 (హెచ్‌టీటీపీఎస్ గుప్తీకరణలో పాత వెర్షన్) మాత్రమే మాట్లాడుతుంది, 2020 నుంచి ప్రధాన బ్రౌజర్లు దాన్ని ఒప్పుకోవడం లేదు. పాత కన్సోల్ జావా వెబ్ స్టార్ట్ అడుగుతుంది, అది 2018లో వచ్చిన జావా 11 నుంచే లేదు. ఇలాంటప్పుడు ఫైర్‌వాల్ టీమ్‌తో ఎంత మాట్లాడినా ఫలితం ఉండదు.

నేరుగా రౌటింగ్, దాని మీద ఫైర్‌వాల్ రూల్స్

అడ్మిన్ల వీల్యాన్ నుంచి మేనేజ్‌మెంట్ వీల్యాన్‌కి రౌట్ ఇచ్చి, కావలసిన పోర్టులు మాత్రమే తెరవడం. అందరూ ఒకే భవనంలో ఉండి, మధ్యలో మంచి ఫైర్‌వాల్ ఉంటే వాడటానికి ఇంతకంటే సుఖమైనది లేదు. బ్రౌజర్, కన్సోల్, ఐపీఎంఐటూల్, మానిటరింగ్ అన్నీ మామూలుగా పనిచేస్తాయి. ఎవరు లాగిన్ అయ్యారో బీఎంసీ లాగ్‌లో అసలు ఐపీతో సహా పడుతుంది.

అయితే ఈ దారిలో ప్రతి బీఎంసీకి గేట్‌వే సరిగ్గా ఉండి తీరాలి, వెళ్లే దారి తిరిగి వచ్చే దారి ఒకటే కావాలి. సర్వర్లలో ఏదో ఒకటి రెండు కాళ్లు వేసి, ఒకటి అడ్మిన్ వీల్యాన్‌లో ఒకటి మేనేజ్‌మెంట్ వీల్యాన్‌లో పెట్టుకుని రౌటింగ్ కూడా చేస్తుంటే, వెళ్లే ప్యాకెట్ ఫైర్‌వాల్ గుండా, వచ్చేది ఆ సర్వర్ గుండా పోతాయి. సగం సంభాషణే విన్న ఫైర్‌వాల్ మిగతాది పడేస్తుంది. ఒక్కోసారి పనిచేసి ఒక్కోసారి చేయకపోతే దీని కోసం వెతకండి.

రూల్ రాసేటప్పుడు మేనేజ్‌మెంట్ వీల్యాన్ మొత్తానికి ఆఫీసు నెట్‌వర్క్ మొత్తాన్ని అనుమతించకండి. అడ్మిన్ల పీసీలకే ఇవ్వండి. ఒక బీఎంసీ నుంచి ఇంకో బీఎంసీకి వెళ్లే దారి కూడా మూసేయండి, వాటికి ఒకదానితో ఒకటి మాట్లాడే పనేమీ లేదు. మరచిపోయేది ఒకటుంది: బీఎంసీ నుంచి బయటికి వెళ్లేవి. ఎన్‌టీపీ (గడియారం సరిచేసేది), సిస్‌లాగ్ (లాగ్‌లు పంపేది), ఎల్‌డ్యాప్ (ఖాతాలన్నీ ఒకేచోట ఉంచే సర్వర్) లాగిన్ పెట్టుకుంటే ఆ సర్వర్ దాకా దారి కావాలి. ఎల్‌డ్యాప్ మీద ఎంత నమ్మకం ఉన్నా ఒక లోకల్ యూజర్‌ని తప్పకుండా ఉంచుకోండి.

ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్

రెండు సెగ్మెంట్లనూ తాకే ఒక లినక్స్ మెషీన్ మీ చేతిలో ఉంటే, దాంట్లోకి ఎస్‌ఎస్‌హెచ్ (గుప్తీకరించిన రిమోట్ లాగిన్) చేసి, దాని గుండానే బీఎంసీని చేరడం. ఎవరినీ అడగకుండా రెండు నిమిషాల్లో పని మొదలుపెట్టగలిగే దారి ఇది. అర్ధరాత్రి టెన్షన్‌లో ఉన్నప్పుడు నేను ముందు చేయి వేసేది దీని మీదే. కానీ దీని లోపలి సంగతులు తెలియకపోతే ఇంతగా విసిగించేదీ లేదు.

టన్నెల్ రెండు రకాలు. క్యాపిటల్ ఎల్ ఆప్షన్‌తో ఒక్కో పోర్టుని మన లోకల్‌హోస్ట్ మీదకి తెచ్చుకోవడం ఒకటి, క్యాపిటల్ డీ ఆప్షన్‌తో సాక్స్ ప్రాక్సీ (బ్రౌజర్ ఏ అడ్రస్ అడిగినా మధ్య మెషీన్ గుండా పంపేది) పెట్టడం ఇంకొకటి. చాలామంది మొదటిదే వాడతారు, దెబ్బ తినేదీ దానితోనే. లోకల్‌హోస్ట్ 8443 మీద ఒక సర్వర్, 8444 మీద ఇంకో సర్వర్ తెరిచారనుకోండి. బ్రౌజర్ కుకీలకి పోర్టుల తేడా తెలియదు, రెండూ లోకల్‌హోస్టే. రెండో దాంట్లో లాగిన్ అవగానే మొదటిది బయటికి తోసేస్తుంది. లినక్స్‌లో అయితే ఒకదాన్ని 127.0.0.2 మీద, ఇంకోదాన్ని 127.0.0.3 మీద తెరిస్తే ఈ గొడవ ఉండదు. మ్యాక్‌లో ఆ అడ్రస్‌లను ముందుగా లూప్‌బ్యాక్‌కి జోడించుకోవాలి.

కన్సోల్ పోర్టుని కూడా విడిగా టన్నెల్ చేయాలి, అదీ అదే నంబర్ మీద. పేజీలో నొక్కితే వచ్చే కన్సోల్ ప్రోగ్రామ్ లోకల్‌హోస్ట్ 5900 వెతుకుతుంది కానీ మీరు ఇచ్చిన 15900 దానికి తెలియదు. మీ మెషీన్‌లో అప్పటికే ఏదైనా వీఎన్‌సీ 5900ని పట్టుకుని ఉంటే అదీ ఆపాలి.

ఇంకో చిక్కు కొత్త ఐడ్రాక్9 ఫర్మ్‌వేర్‌లతో వస్తుంది. 5.10 నుంచి అది బ్రౌజర్ పంపే హోస్ట్ పేరుని సరిచూస్తుంది. తనకి తెలియని పేరుతో వస్తే పేజీ బదులు '400 బ్యాడ్ రిక్వెస్ట్' ఇస్తుంది. టన్నెల్ గుండా గాని, రివర్స్ ప్రాక్సీ (బీఎంసీ ముందు నిలబడి దాని పేజీలను అందించే వెబ్ సర్వర్) గుండా గాని వెళ్తే ఇది తగులుతుంది. ఐడ్రాక్ కమాండ్ టూల్ ర్యాకాడమ్‌తో వెబ్‌సర్వర్ సెట్టింగుల్లో 'మాన్యువల్ డీఎన్‌ఎస్ ఎంట్రీ'కి ఆ పేరు చేర్చితే పోతుంది. హోస్ట్ హెడర్ తనిఖీనే ఆపేయడం కూడా కుదురుతుంది గాని, పేరు చేర్చడమే మేలు.

ఈ బాధలన్నీ తప్పాలంటే సాక్స్ ప్రాక్సీ వాడండి. ఫైర్‌ఫాక్స్‌లో దీనికంటూ ఒక ప్రొఫైల్ పెట్టుకుని, ఎస్‌ఎస్‌హెచ్‌ని ప్రాక్సీగా ఇస్తే, బీఎంసీ అసలు ఐపీతోనే పేజీ తెరుస్తారు. కుకీల గొడవ ఉండదు, హోస్ట్ పేరు గొడవ ఉండదు, హెచ్‌టీఎంఎల్5 కన్సోల్ ఏ పోర్టు అడిగినా వెళ్తుంది. నా మాట వింటే, ఒక్కో పోర్టు టన్నెల్‌ని జావా కన్సోల్ ఉన్న పాత సర్వర్ల కోసమే ఉంచుకోండి.

దాటలేని హద్దు ఒకటుంది. ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ టీసీపీని మాత్రమే మోస్తుంది, ఐపీఎంఐ కమాండ్లు వెళ్లే 623 యూడీపీ. మీ ల్యాప్‌టాప్‌లోని ఐపీఎంఐటూల్ ఈ దారిలో ఎప్పటికీ పనిచేయదు. ఐపీఎంఐటూల్‌ని ఆ మధ్య మెషీన్‌లోనే నడపండి. లేదా బీఎంసీకి కమాండ్లు ఇచ్చే కొత్త పద్ధతి రెడ్‌ఫిష్‌కి మారండి. ప్రమాణాల సంస్థ డీఎంటీఎఫ్ 2015లో తెచ్చిన ఈ ప్రమాణం మామూలు హెచ్‌టీటీపీఎస్ మీద నడుస్తుంది కాబట్టి ఏ టన్నెల్ గుండా అయినా వెళ్తుంది.

ఎస్‌ఎస్‌హెచ్‌ని బీఎంసీ మీదకే నేరుగా పెడితే ఇంకో అడ్డు రావచ్చు. 2021లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.8 నుంచి షా-1తో చేసే ఆర్‌ఎస్‌ఏ సంతకాలు (తన గుర్తింపు రుజువు చేసుకునే పాత పద్ధతి) డిఫాల్ట్‌గా ఆగిపోయాయి. పాత బీఎంసీకి అంతకంటే మంచివి రావు. ఆ ఒక్క హోస్ట్‌కే మినహాయింపు రాసుకోండి, మొత్తానికి తెరవకండి.

జంప్ డెస్క్‌టాప్

మేనేజ్‌మెంట్ సెగ్మెంట్‌లోనే ఒక మెషీన్ పెట్టి, దాంట్లో బ్రౌజర్, ఐపీఎంఐటూల్, పాత సర్వర్ల కోసం పాత జావా అన్నీ ఉంచి, మనం దాని డెస్క్‌టాప్‌లోకి వెళ్లి పని చేయడం. రిమోట్ డెస్క్‌టాప్‌ని బ్రౌజర్‌లో చూపించే అపాచీ గ్వాకమోలె లాంటిది ముందు పెడితే మన వైపు బ్రౌజర్ ఒక్కటి ఉంటే చాలు. రకరకాల కంపెనీల, రకరకాల వయసుల సర్వర్లు కలగలిసి ఉన్నచోట నేను దీనికే ఓటు వేస్తాను. పోర్టుల లెక్క ఉండదు, యూడీపీ సమస్య ఉండదు. బీఎంసీకి మనం పక్కింటివాళ్లలాగే కనబడతాం కాబట్టి గేట్‌వే లేకపోయినా తెరుచుకుంటుంది.

ఐఎస్‌ఓ (ఇన్‌స్టాలేషన్ డిస్క్ ఫైల్) ఎక్కించాలన్నా దీని విలువ తెలుస్తుంది. ఇంటి నుంచి వీపీఎన్ గుండా వర్చువల్ మీడియాగా ఇన్‌స్టాలర్ తగిలిస్తే ప్రతి బ్లాకూ మన ఇంటర్నెట్ మీదుగా పోవాలి, ఒక్క తుంపు వస్తే ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఆగిపోతుంది. ఐఎస్‌ఓని జంప్ మెషీన్‌లో ఉంచి అక్కడి నుంచి తగిలించండి. లేదా మేనేజ్‌మెంట్ సెగ్మెంట్‌లో ఒక హెచ్‌టీటీపీ, ఎన్‌ఎఫ్‌ఎస్ షేర్ పెట్టి బీఎంసీనే తెచ్చుకోమనండి. ఆ షేర్ వేరే సెగ్మెంట్‌లో ఉంటే మాత్రం దిశ తిరగబడుతుందని గుర్తుంచుకోండి. కనెక్షన్ మొదలుపెట్టేది బీఎంసీ, రూల్ దాని నుంచి బయటికి కావాలి.

లోటు ఒకటి: అందరూ ఒకే ఐపీ నుంచి వస్తున్నట్టు బీఎంసీకి కనబడుతుంది. లాగ్ చూసి ఎవరు రీబూట్ చేశారో చెప్పలేం. ఐడ్రాక్‌లో ఐపీ బ్లాకింగ్ ఉంది. ఒకరు పాస్‌వర్డ్ వరసగా తప్పు కొడితే ఆ ఐపీ మీద తలుపు పడుతుంది, టీమ్ మొత్తం బయటే నిలబడుతుంది. అందుకే జంప్ మెషీన్‌లో ఎవరి లాగిన్ వాళ్లకి ఉండాలి, బీఎంసీలోనూ అందరూ ఒకే రూట్ ఖాతా వాడకూడదు.

దీనికంటే ప్రమాదకరమైన పొరపాటు ఒకటి నేను చాలాచోట్ల చూశాను. జంప్ మెషీన్‌ని వర్చువల్ మెషీన్‌గా, అదే హైపర్‌వైజర్ల (వర్చువల్ మెషీన్లను నడిపే సర్వర్లు) మీద పెడతారు. ఏ హైపర్‌వైజర్ పడిపోయినప్పుడు దాని ఐలో కావాలో, ఆ ఐలోకి వెళ్లే దారి ఆ హైపర్‌వైజర్ మీదే ఉంది. ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకున్నట్టు. దీనికి ఒక చిన్న ఫిజికల్ మెషీన్ విడిగా ఉండాలి. దాని లాగిన్ ప్రొడక్షన్‌లోని యాక్టివ్ డైరెక్టరీ (కంపెనీ లాగిన్లను చూసుకునే సర్వర్) మీద, పేర్లు ప్రొడక్షన్ డీఎన్‌ఎస్ మీద ఆధారపడకూడదు.

వీపీఎన్

బయటి నుంచి పనిచేసేవాళ్లు ఉంటే ఇది తప్పనిసరి. పైన చెప్పినవాటికి ఇది పోటీ కూడా కాదు, వాటి ముందు ఉండే గేటు. వైర్‌గార్డ్ 2020 మార్చిలో లినక్స్ 5.6తో కర్నెల్‌లోకే వచ్చేసింది. పెట్టడం తేలిక, యూడీపీతో సహా అన్నీ మోస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి దీన్నే చెబుతాను. బయటి నుంచి పోర్టు తెరిచే వీలు లేనిచోట టెయిల్‌స్కేల్ సబ్‌నెట్ రౌటర్ అక్కరకొస్తుంది. రౌట్‌ని ప్రకటించాక అడ్మిన్ కన్సోల్‌లో దాన్ని ఆమోదించాలి, ఆ మెట్టు మరచిపోయి గంటలు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ.

వీపీఎన్ కనెక్ట్ అయ్యి బీఎంసీ తెరుచుకోకపోతే నాలుగు చూడండి. మొదటిది తిరుగుదారి. మేనేజ్‌మెంట్ సెగ్మెంట్ గేట్‌వేకి వీపీఎన్ క్లయింట్ల ఐపీలు ఎటున్నాయో తెలియాలి. తెలియకపోతే వీపీఎన్ సర్వర్‌లో మాస్కరేడ్ చేయాలి, అంటే క్లయింట్ల ఐపీ బదులు సర్వర్ తన ఐపీని చూపించాలి. మాస్కరేడ్ చేసిన వెంటనే పనిచేయడం మొదలైతే సంతోషించి వదిలేయకండి, బీఎంసీ గేట్‌వేలోనో రౌట్‌లోనో తప్పు ఉందని అది చెబుతోంది. రెండోది వీపీఎన్ సర్వర్‌లో ఐపీ ఫార్వర్డింగ్. మూడోది వైర్‌గార్డ్ 'అలౌడ్ ఐపీస్' జాబితాలో మేనేజ్‌మెంట్ సబ్‌నెట్ ఉందా అన్నది. నాలుగోది ఐపీల ఢీ. ఇంటి రౌటర్ 192.168.0.0 వాడుతుంటే, డేటాసెంటర్‌లో మేనేజ్‌మెంట్ సెగ్మెంట్ కూడా అదే అయితే ప్యాకెట్ ఇల్లు దాటదు. ఐడ్రాక్ డిఫాల్ట్ ఐపీ 192.168.0.120 అని గుర్తుంటే, ఇది ఎంత తరచుగా జరిగేదో అర్థమవుతుంది. మేనేజ్‌మెంట్‌కి ఇళ్లలో సాధారణంగా కనిపించని సబ్‌నెట్ ఎంచుకోండి.

లాగిన్ పేజీ సగం వచ్చి ఆగడం, కన్సోల్ మొదటి బొమ్మ దగ్గరే గడ్డకట్టడం చూస్తే అది ఎంటీయూ, అంటే దారి మోయగల అతిపెద్ద ప్యాకెట్ సైజు. మామూలు ఈథర్‌నెట్ 1500 బైట్ల ప్యాకెట్ మోస్తుంది, వైర్‌గార్డ్ ఇంటర్‌ఫేస్ డిఫాల్ట్‌గా 1420. చిన్న ప్యాకెట్లు దాటతాయి, పెద్దవి ఇరుక్కుంటాయి. 'ముక్కలు చేయవద్దు' అనే ఆప్షన్‌తో 1472 బైట్ల పింగ్ పంపండి, దానికి 28 బైట్ల హెడర్లు కలిస్తే సరిగ్గా 1500. అది ఏ జవాబూ లేకుండా మాయమై, 1392 (హెడర్లతో 1420) వెళ్తే దోషి దొరికినట్టే. 'ప్యాకెట్ పెద్దదైంది' అని చెప్పే ఐసీఎంపీ సందేశాన్ని మధ్యలో ఎవరో ఆపేస్తున్నారు. ఆ ఐసీఎంపీని అనుమతించడం అసలు మందు, టన్నెల్ రౌటర్‌లో ఎంఎస్‌ఎస్ క్లాంపింగ్ (టీసీపీ ప్యాకెట్లను ముందే చిన్నవి చేయించడం) పెట్టడం వెంటనే పనిచేసే మందు. ల్యాప్‌టాప్‌లోనే వీపీఎన్ ఉన్నప్పుడు ఇది అంతగా రాదు. రెండు సైట్ల రౌటర్ల మధ్య టన్నెల్ ఉన్నప్పుడు ఎక్కువగా చూస్తాం.

రివర్స్ ప్రాక్సీ గురించి

ఎన్జిన్ఎక్స్ లాంటిది ముందు పెట్టి, బీఎంసీ పేజీలను మంచి సర్టిఫికెట్‌తో చూపించాలని చాలామందికి ఆశ. వెబ్‌సాకెట్లు, కుకీలు, హోస్ట్ పేర్ల తనిఖీ, 443 కాని కన్సోల్ పోర్టులు, ఇవన్నీ ఒక్కో మోడల్‌కి ఒక్కోలా విరుగుతాయి. ఒకే మోడల్ సర్వర్లు పదుల్లో ఉంటే తప్ప దీని జోలికి వెళ్లకండి.

ఇంటర్నెట్‌కి నేరుగా తెరవడం

దీన్ని ఒక ఎంపికగా నేను లెక్కపెట్టడం లేదు. 'ఒక్క రోజుకే కదా' అంటూ పోర్ట్ ఫార్వర్డ్ చేసేవాళ్లున్నారు కాబట్టి చెబుతున్నాను. ఐపీఎంఐ 2.0 ప్రమాణంలోనే ఒక లోపం ఉంది, భద్రతా లోపాల జాబితాలో దాని నంబర్ సీవీఈ-2013-4786. లాగిన్ కాకముందే, యూజర్ పేరు తెలిస్తే చాలు, పాస్‌వర్డ్ హ్యాష్‌ని బీఎంసీ ఇచ్చేస్తుంది. ప్రమాణంలో ఉన్న లోపం కాబట్టి ప్యాచ్‌తో పోదు. 2017లో ఐలో 4లో బయటపడ్డ లోపానికైతే ఒక హెచ్‌టీటీపీ హెడర్‌లో 29 సార్లు 'ఏ' అక్షరం పంపితే సరిపోయింది, పాస్‌వర్డ్ అడగలేదు. 2025 మార్చిలో ఏఎంఐ మెగార్యాక్‌లో బయటపడ్డ సీవీఈ-2024-54085కి తీవ్రత 10కి 10. దాన్ని నిజంగానే దాడుల్లో వాడుతున్నారని అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా అదే ఏడాది జూన్‌లో తన జాబితాలో చేర్చింది. ఆ సంస్థే 2023 జూన్‌లో, ఇలాంటి మేనేజ్‌మెంట్ ఇంటర్‌ఫేస్ ఇంటర్నెట్‌లో కనబడితే 14 రోజుల్లో తీసేయాలని తమ ఫెడరల్ విభాగాలను ఆదేశించింది. బీఎంసీ చేతికి చిక్కితే డిస్క్, కీబోర్డు, పవర్ బటన్ అన్నీ చిక్కినట్టే. సర్వర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా లోపల ఉన్నవాడు పోడు. లోపలి నెట్‌వర్క్‌లో కూడా అవసరం లేకపోతే 'ఐపీఎంఐ ఓవర్ ల్యాన్' ఆపేయండి.

విడి దారి: అవుట్ ఆఫ్ బ్యాండ్

పైవన్నీ ప్రొడక్షన్ నెట్‌వర్క్ బతికి ఉన్నప్పటి మాటలు. కోర్ స్విచ్ పడిపోతే? ఫైర్‌వాల్ అప్‌డేట్ మధ్యలో ఆగిపోతే? 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలపాటు ప్రపంచమంతటా ఆగిపోయింది. మామూలు దారితోపాటు అవుట్ ఆఫ్ బ్యాండ్ దారి కూడా పడిపోవడంతో ఇంజినీర్లను మనుషులుగా డేటాసెంటర్లకి పంపాల్సి వచ్చిందని ఆ కంపెనీయే రాసింది. 2022 జులై 8న కెనడాలో రోజర్స్ నెట్‌వర్క్ ఆగినప్పుడూ అంతే. వాళ్ల మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ ఆ పడిపోయిన కోర్ మీదే ఆనుకుని ఉంది. అంత పెద్దవాళ్లకే జరిగింది కాబట్టి మనకి జరగదని అనుకోవడానికి లేదు.

విడి దారి అంటే విడి వీల్యాన్ కాదు. వీల్యాన్ వేరైనా స్విచ్ అదే అయితే రెండూ కలిసే పడతాయి. బీఎంసీలన్నిటికీ ఒక సాదా స్విచ్, దాని ముందు ఒక చిన్న ఫైర్‌వాల్, దానికి సొంత ఇంటర్నెట్ లింక్ లేదా 4జీ మోడెమ్. స్విచ్‌లు, ఫైర్‌వాల్ కోసం సీరియల్ కన్సోల్ సర్వర్ ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే వాటికి సాధారణంగా బీఎంసీ ఉండదు.

మరి ఎవరికి ఏది?

నాలుగైదు సర్వర్లు, ఒకరిద్దరు అడ్మిన్లు ఉంటే వైర్‌గార్డ్ ఒక్కటి చాలు. దాన్ని చిన్న విడి మెషీన్‌లోనో రౌటర్‌లోనో నడపండి. జంప్ డెస్క్‌టాప్ దాకా పోనవసరం లేదు. కానీ ఆ సర్వర్లు జావా కన్సోల్ కాలంనాటివైతే మాత్రం ఒక జంప్ మెషీన్ కట్టుకోండి. మీ ల్యాప్‌టాప్‌లో పాత జావా, పాత టీఎల్‌ఎస్ తెరిచి పెట్టుకోవడం కంటే అది వెయ్యి రెట్లు నయం.

ఒకే క్యాంపస్‌లో పదుల సర్వర్లు, పగలు పని ఎక్కువైతే నేరుగా రౌటింగ్, దానికి కట్టుదిట్టమైన రూల్స్. బయటి నుంచి వచ్చేవాళ్లకి వీపీఎన్, వీపీఎన్ నుంచి కూడా అదే రూల్స్ గుండానే రావాలి. బయటి వెండర్లకి, తాత్కాలికంగా పనిచేసేవాళ్లకి దారి ఇవ్వాల్సి వస్తే గ్వాకమోలె ఉన్న జంప్ డెస్క్‌టాప్ మాత్రమే ఇవ్వండి. సెషన్ రికార్డ్ చేసుకోవచ్చు, పని అయ్యాక ఖాతా మూసేయవచ్చు, వాళ్ల ల్యాప్‌టాప్ మీ సెగ్మెంట్‌ని తాకదు.

వేల కిలోమీటర్ల దూరంలో, మనిషి లేని సైట్ ఉంటే ఖర్చుకి వెనకాడకుండా విడి దారి పెట్టించండి. మిగతా అన్నిచోట్లా ఇది ఉంటే మంచిది అంటాను, ఇక్కడ మాత్రం లేకుండా సైట్ మొదలుపెట్టవద్దంటాను. ఎస్‌ఎస్‌హెచ్ సాక్స్ ప్రాక్సీని ఎవరికైనా రెండో దారిగా సిద్ధం చేసి ఉంచమంటాను, రోజువారీ దారిగా కాదు.

ఏది ఎంచుకున్నా, మెయింటెనెన్స్ సమయం దొరికినప్పుడు ఒకసారి పరీక్షించండి. కోర్ స్విచ్ అప్‌లింక్ తీసేసి, యాక్టివ్ డైరెక్టరీ, డీఎన్‌ఎస్ ఉన్న మెషీన్లు ఆపి, టీమ్‌లో అందరికంటే కొత్తగా చేరిన వ్యక్తిని ఏదైనా ఒక సర్వర్ కన్సోల్ తెరవమనండి. ఐపీల జాబితా, లోకల్ పాస్‌వర్డ్ ఎక్కడ ఉన్నాయో కూడా ఆ వ్యక్తే వెతుక్కోవాలి. అవి పడిపోయిన వికీ పేజీలోనే ఉంటే, ఆ సంగతి ఆ పది నిమిషాల్లో బయటపడుతుంది.